ప్రళయం అయిపోయింది, ఇప్పుడేం చదవాలి?

బాగా నచ్చిన పుస్తకం అయిపోయాక ఒక రకమైన ఖాళీ వస్తుంది, మీకూ తెలిసే ఉంటుంది. ఫోన్ పక్కన పెడతాం, మళ్లీ తీస్తాం. ఇన్‌స్టా తెరిచి రెండు రీల్స్ చూసి మూసేస్తాం. ఆ పుస్తకంలోని మనుషులు ఇంకా మన గదిలోనే తిరుగుతున్నట్టు ఉంటుంది. పోయిన ఎండాకాలం ‘ది రోడ్’ చదివాక నాకు సరిగ్గా అట్లే అయింది.

కార్మాక్ మెకార్థీ 2006లో తెచ్చిన నవల అది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. కథ మూడు ముక్కల్లో చెప్పేయొచ్చు. లోకం తగలబడిపోయింది, ఎందుకో రచయిత చెప్పడు. మిగిలింది ఒక నాయన, ఒక కొడుకు, సూపర్‌మార్కెట్‌లో సామాన్లు తోసుకుపోయే ట్రాలీ. ఆ ట్రాలీలో దుప్పట్లు, డబ్బాలు వేసుకుని సముద్రం వైపు నడుస్తూ ఉంటారు. చెట్లు చచ్చిపోయాయి, పక్షులు లేవు, ఎటు చూసినా బూడిద. ఇద్దరికీ పేర్లు కూడా ఉండవు. సంభాషణలకు కొటేషన్ గుర్తులు పెట్టడు కాబట్టి మొదటి ఇరవై పేజీలు ఎవరు ఏం మాట్లాడుతున్నారో కొంచెం తడుముకోవాలి. ఆ తర్వాత పుస్తకమే చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది.

మాది బుక్కరాయసముద్రం. బీకేఎస్ అంటే అనంతపురంలో ఆటోవాళ్లకు చటుక్కున తెలుస్తుంది. ఆ పుస్తకం సగం చెరువు కట్ట మీద కూర్చొనే చదివాను, ఫోన్‌లో, బ్రైట్‌నెస్ తగ్గించుకుని. చివరి పేజీ అయ్యేసరికి చీకటి పడింది. ఇంటికొచ్చి అన్నం తిన్నా. ఏం కూర అని అడిగితే చెప్పలేను.

సరే, ఇట్లాంటిదే ఇంకొకటి చదివితే సరిపోతుంది కదా అనుకున్నా. అక్కడ మొదలైంది అసలు తిప్పలు.

ఒక ఫ్రెండు ‘కల్కి 2898 ఏడీ’ మళ్లీ చూడరా అన్నాడు. చూశాను. ఎండిపోయిన గంగ, మిగిలిపోయిన కాశీ... ఆ సెట్లు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ నాకు కావాల్సింది అది కాదు. ఇంకొకడు ‘మెట్రో 2033’ చదవమన్నాడు. దిమిత్రీ గ్లుఖోవ్‌స్కీ అనే రష్యా కుర్రాడు 2002లో తన వెబ్‌సైట్‌లో ఊరికే పెట్టిన నవల, తర్వాతెప్పుడో అచ్చయింది. అణుయుద్ధం అయ్యాక మాస్కో మెట్రో సొరంగాల్లో బతికే జనం, స్టేషన్‌కో రాజ్యం, డబ్బుకు బదులు తుపాకీ గుండ్లు. గేమ్ ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడు రాత్రుల్లో అయిపోయింది. నాలుగో రోజు మళ్లీ అదే ఖాళీ.

జె.జి. బాలర్డ్ నవలకు ‘ది డ్రాట్’ అని పేరు చూసి ఎంత ఆశపడ్డానో. కరువు! మా జిల్లా ఇంటిపేరు! ఫ్యాక్టరీల చెత్తంతా సముద్రం మీద సన్నటి పొరలా పేరుకుని, నీళ్లు ఆవిరి కావు, మబ్బులు పుట్టవు, వానలు ఆగిపోతాయి. 1960ల్లోనే ఈ ఆలోచన వచ్చిందంటే దండం పెట్టాల్సిందే. కానీ ఆయన రాసిన మనుషులకు దాహం వేయదు, ఆలోచనలు వస్తుంటాయి. సగంలో వదిలేశాను. నాలోనే లోపం ఉండొచ్చు. మీరు చదివి చెప్పండి.

ఇట్లా నాలుగైదు పుస్తకాల శాంపిల్స్ కిండిల్ యాప్‌లో దింపుకుని, ఒకటీ ముందుకు సాగక, ఒక రాత్రి కరెంటు పోతే మిద్దె మీదికి చేరాం నేను, జేజి. ఆమెకు ఎనభై దాటాయి. చదువు రాదు. కథ చెప్తే మాత్రం వదలదు.

“ఏందిరా అంతసేపు ఆ ఫోన్లో సదువుతాండావు?” అంది.

కథంతా చెప్పాను. ఎటు చూసినా బూడిదే జేజీ, మోకాళ్ల లోతు బూడిద అని కొంచెం ఎక్కువే చేసి చెప్పాను.

“బూడిద ఉంటే మంచిదే కదరా, విత్తనానికి పురుగు పట్టదు” అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వలేదు. కొర్రలు, కందులు, అలసందలు మట్టికుండల్లో పోసి, పైన ఇంత బూడిద, ఇంత వేపాకు వేసి, మూతికి పేడ మెత్తి అటక మీద పెట్టిన మనిషి ఆమె. బూడిద అంటే అమెరికా రచయితకు అన్నీ అయిపోయినాక మిగిలేది. మా జేజికి వచ్చే ఏడాదికి దాచుకునే సరంజామా.

తర్వాత వరసగా అడిగింది. వాళ్లు విత్తనాలు ఎత్తిపెట్టుకోలేదా? గొడ్లు యాడికి పోయినాయి? నీళ్లు యాడ తోడుకుంటాండారు? నేను, “అదంతా కాలిపోయింది జేజీ, ఆ నేలలో ఇంకేం మొలవదు” అన్నాను. “మొలవదని వానికెవురు సెప్పినారు?” అంది. అటు తిరిగి పడుకుంది.

ఆ రాత్రే నాకు ఒక సంగతి తట్టింది. నేను వెతకడమే తప్పుగా వెతుకుతున్నాను. లోకం ఎట్లా నాశనమైందో చెప్పే పుస్తకాల కోసం వెతుకుతున్నా. ‘ది రోడ్’లో నన్ను పట్టుకున్నది నాశనం కాదే! ఎన్ని డబ్బాలు మిగిలాయి, బూట్లు ఎన్నాళ్లొస్తాయి, ఈ రాత్రి నిప్పు రాజేస్తే ఎవరికైనా కనపడుతుందా... ఆ లెక్క. రేపటి తిండి లెక్క. దాన్ని ఒక నాయన తన కొడుక్కి కనపడకుండా లోపల్లోపలే వేసుకోవడం.

ఆ పుస్తకంలో ఒక చోట నాయనకు ఒక కోకాకోలా టిన్ దొరుకుతుంది. పిల్లోడు పుట్టాక అట్లాంటిది చూసి ఎరగడు. తాగమని ఇస్తాడు. వాడు కొంచెం తాగి, నువ్వూ తాగు అంటాడు. నాయన వద్దంటాడు, వాడు ఊరుకోడు. నేను ఆ పేజీ దగ్గర ఆగిపోయాను, చాలాసేపు. ఎందుకు ఆగానో ఆ రోజు నాకే అర్థం కాలేదు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఏడాది శనక్కాయ చేనులో ఊడలు దిగే సమయానికి వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే కింద ఏమీ లేదు. ఎద్దులను అమ్మేశారు. అమ్మ, నాయన బెంగుళూరు పోయారు, బిల్డింగు పనికి. నేను జేజి దగ్గర ఉన్నాను. మా వీధిలో ఆ ఏడాది ఇళ్లకు ముసలోళ్లు, పిల్లోళ్లే కాపలా. దసరా సెలవులకు నాయన ఒక్కడే వచ్చాడు, సంచిలో నాకోసం ఒక బాదంపాల సీసా పెట్టుకుని. అంత దూరం బస్సులో వచ్చేసరికి వెచ్చబడింది. నువ్వు తాగవా అని అడిగాను. “నేను మెజెస్టిక్‌లోనే తాగొచ్చినా” అన్నాడు. నేను మొత్తం తాగేశాను.

పుస్తకంలో పిల్లోడు ఊరుకోలేదు. నేను ఊరుకున్నాను. తేడా అంతే.

సరే. వెతుకులాట దగ్గరికి వద్దాం. ఈసారి జేజి ప్రశ్నలు పట్టుకుని వెతికాను, గూగుల్‌లో ‘బెస్ట్ పోస్ట్ అపోకలిప్టిక్ నవల్స్’ అని కొట్టడం మానేసి. ఒక పుస్తకం నచ్చితే అదే జాతిది ఇంకొకటి కాదు, మనం ఏ పేజీ దగ్గర ఆగామో ఆ పేజీకి చుట్టం కావాల్సింది.

నీళ్ల సంగతికి ‘ఎర్త్ అబైడ్స్’ దొరికింది. 1949 నాటిది. రాసిన జార్జ్ ఆర్. స్టీవర్ట్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఇంగ్లీషు ప్రొఫెసరు. ఇష్ అనే కుర్రాడు కొండల్లో ఉండగా పాము కరుస్తుంది. కోలుకుని కిందికి దిగేసరికి రోగమేదో వచ్చి జనం దాదాపు అందరూ పోయి ఉంటారు. ఇందులో రాక్షసులు లేరు, తుపాకుల యుద్ధాలు లేవు. మిగిలిన కొద్దిమంది ఒక చోట చేరి కాపురాలు పెట్టుకుంటారు. విచిత్రం ఏమంటే కుళాయిల్లో నీళ్లు వస్తూనే ఉంటాయి, ఏళ్ల తరబడి! ఎవరూ అడగరు, ఎక్కడినుంచి వస్తున్నాయని. ఒకరోజు ఆగిపోతాయి. పైపు ఎక్కడ పగిలిందో, రిజర్వాయరు ఎవరు చూసుకోవాలో ఒక్కడికీ తెలియదు. ఆ అధ్యాయం చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. వారానికి రెండుసార్లు మాత్రమే కుళాయి వచ్చే ఊర్లో పెరిగినవాడికి అది సైన్స్ ఫిక్షన్ కాదు. ఇష్‌కు ఇంకో బాధ ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలో లక్షల పుస్తకాలు భద్రంగా ఉన్నాయి, పిల్లలకు చదువు మీద ధ్యాస లేదు. చివరికి వాళ్లకు విల్లు, బాణం చేయడం నేర్పిస్తాడు. ‘ది రోడ్’ నచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. మధ్యలో కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, వదలొద్దు.

విత్తనం సంగతికి పేరులోనే విత్తనం ఉన్న పుస్తకం దొరికింది. ఆక్టేవియా బట్లర్ 1993లో రాసిన ‘పారబుల్ ఆఫ్ ద సోవర్’. విత్తనాలు చల్లేవాడి ఉపమానం అని బైబిల్లో ఉంటుంది కదా, అది. కథ డైరీలా నడుస్తుంది, మొదటి పేజీ తేదీ 2024 జూలై. అంటే ఆమెకు భవిష్యత్తు, మనకు గడిచిపోయిన ఏడాది. కాలిఫోర్నియాలో నీళ్లు పెట్రోలు కంటే ఖరీదు. గోడ కట్టుకున్న కాలనీలో లారెన్ అనే పదిహేనేళ్ల అమ్మాయి, పెద్దవాళ్లు అంతా మళ్లీ బాగవుతుందని ఎదురుచూస్తుంటే, తాను మాత్రం పారిపోవాల్సిన రోజుకోసం మూట కట్టి సిద్ధంగా పెట్టుకుంటుంది. అడవికాయలతో రొట్టె ఎట్లా చేయాలో నేర్చుకుంటుంది. జేజికి చెప్తే లారెన్ బాగా నచ్చింది. “ఆ పిల్లకు తెలివుంది” అని ఒక్క ముక్కలో రివ్యూ ఇచ్చేసింది. నాకు ఇందులో హింస కొంచెం ఎక్కువనిపించింది. రాత్రి పడుకునే ముందు చదవకండి.

‘స్టేషన్ ఎలెవెన్’ మీలో చాలామంది సిరీస్‌గా చూసే ఉంటారు. ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ దాన్ని 2014లో, అంటే కోవిడ్‌కు బాగా ముందే రాసింది. ఫ్లూతో లోకం ఖాళీ అయిన ఇరవై ఏళ్లకు ఒక నాటకాల బృందం ఊరూరూ తిరుగుతూ షేక్‌స్పియర్ ఆడుతుంటుంది. చదువుతుంటే నాకు మా సీమ పల్లెల్లో బండి కట్టుకుని తిరిగిన తోలుబొమ్మలాట కుటుంబాలు గుర్తొచ్చాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ బొమ్మలు చేసేవాళ్లున్నారు. తిండి లేకున్నా ఆట కావాలి మనుషులకు. ఈ పుస్తకం తేలిగ్గా ఉంటుంది, ఈ జాతికి కొత్తవాళ్లు దీనితో మొదలుపెట్టొచ్చు.

ఇంగ్లీషు అయింది. తెలుగులో?

తెలుగులో ‘ప్రళయానంతర నవల’ అని వెతికితే నా చేతికి ఏమీ తగల్లేదు. విసుగొచ్చి ఫోన్ మూసేసి తలెత్తితే ఎదురుగా ఉంది, మా చెరువు కట్ట. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరం బుక్కరాయల కాలంలో కట్టించిన చెరువు, ఊరి పేరే అది. పిల్లప్పటినుంచి ముసలమ్మ కట్ట అని పిలుస్తూ, ఆ కథ వింటూ, విన్నదాన్ని ఎప్పుడూ కథల జాబితాలో వేసుకోలేదు. ఒకసారి వాన విరుచుకుపడి కట్ట తెగబోయింది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలిస్తే కట్ట నిలుస్తుందని అమ్మవారు పలికింది. పేరు ముసలమ్మే గానీ పడుచుపిల్ల. అందరికీ చెప్పి, నడుచుకుంటూ వెళ్లి గండిలో దిగింది. ఈ కథను బ్రౌన్ దొర సేకరించిన అనంతపురం చరిత్రలోంచి తీసుకుని, కట్టమంచి రామలింగారెడ్డి కాలేజీ కుర్రాడిగా ఉన్నప్పుడే, 1900 ప్రాంతంలో, ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాశాడు. మన వయసే. ఊరు బతకాలంటే ఒక కోడలు పోవాలా అనే ప్రశ్న నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు. కొడుకులు ఏడుగురున్నా బలికి వాళ్ల పేరెందుకు రాలేదో జేజిని అడిగితే, “ఎప్పుడొచ్చిందిలే” అంది.

అట్లా ఒకసారి కళ్లు తెరుచుకున్నాక వరసగా కనపడ్డాయి. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ తీసుకోండి. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. పద్దెనిమిదో శతాబ్దంలో హండె పాలెగాళ్లు ఏలిన అనంతపురం అందులో ఉంది. మనం రోజూ బస్సెక్కే ఊరే అది, మనకు తెలియని లోకంలా కనపడుతుంది. అది చదివాక సింగమనేని నారాయణ సంకలనం చేసిన ‘సీమకథలు’ పట్టండి. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ పద్యాలని భయపడొద్దు, బిగ్గరగా చదివితే అదే అర్థమవుతుంది. వీటి మీద ఎవరూ ‘పోస్ట్ అపోకలిప్టిక్’ అని లేబుల్ అంటించలేదు. అందుకే సెర్చ్‌లో రావు.

కల్పన చాలు, నిజం కావాలంటే ధాత కరువు ఉంది. ధాత నామ సంవత్సరంలో, 1876లో మొదలై 1878 దాకా దక్షిణాదిని ఊడ్చేసింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, మేం బళ్లారి జిల్లా కింద ఉండేవాళ్లం. కరువు పనికి వచ్చిన మొగమనిషికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టాడు. పౌనంటే అర్ధకిలో కూడా కాదు, సుమారు 450 గ్రాములు. రోజంతా రాళ్లు కొట్టినవాడికి! అదే చలికాలంలో, 1877 జనవరి 1న, ఢిల్లీలో విక్టోరియా రాణి పేరుమీద దర్బారు జరిగింది. విలియం డిగ్బీ 1878లోనే దీనిమీద రెండు సంపుటాలు రాశాడు. మన కాలంలో మైక్ డేవిస్ ‘లేట్ విక్టోరియన్ హోలోకాస్ట్స్’ రాశాడు. నేను రోజుకు పది పేజీలకు మించి చదవలేకపోయాను. ఉపాధి హామీ పథకం దేశంలో మొదటిసారి 2006 ఫిబ్రవరి 2న మాకు దగ్గరలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైందని జీకే బిట్టుగా చదువుకున్నాం కదా. ఈ పుస్తకాలు చదివాక అక్కడే ఎందుకు మొదలైందో వేరేగా వినపడింది.

ఇంగ్లీషు నవలల్లో లోకం ఒకే దెబ్బకు పోతుంది. బాంబు, రోగం, తోకచుక్క, ఏదో ఒకటి. ఆ తర్వాత అంతా ‘ఆ తర్వాతే’. మా దగ్గర ప్రళయం వాయిదాల్లో వస్తుంది. ఒక ఏడాది ఎద్దులు తీసుకుపోతుంది, ఇంకో ఏడాది నాయన్ని. మూడో ఏడాది వాన బాగా కురిసి, అందరూ మర్చిపోయి, విత్తనకాయల కోసం మళ్లీ క్యూలో నిలబడతారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడేదే గగనమైన నేలలో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగాయి. దీన్ని ఏ షెల్ఫులో పెట్టాలి?

మొన్న నాయన్ని అడిగాను. ఆయన ఇప్పుడు ఊర్లోనే బోరు మోటార్లు రిపేరు చేస్తాడు. ఆ రోజు మెజెస్టిక్‌లో నిజంగా బాదంపాలు తాగినావా అని. మోటారు వైండింగ్ మీదినుంచి తల ఎత్తకుండా, “ఏ బాదంపాలు?” అన్నాడు. చెప్పాను. “ఏమో రా, ఎవురికి గుర్తు” అన్నాడు. కాసేపటికి, “సీసా వాపసు ఇస్తే రూపాయి ఇస్తారనుకుంట, నువ్వు యాడో పగలగొట్టినావు” అన్నాడు.

సీసా గుర్తుందన్నమాట.

ఇప్పుడు నేను, జేజి కలిసి ‘ద వాల్’ చదువుతున్నాం. ఆస్ట్రియా రచయిత్రి మార్లెన్ హౌస్‌హోఫర్ 1963లో జర్మన్‌లో రాసింది, నేను ఇంగ్లీషులో చదివి సీమ మాటల్లో చెప్తున్నా. కొండల్లో ఒక ఇంటికి చుట్టంగా వచ్చిన ఆడమనిషి, తెల్లారి లేచేసరికి కంటికి కనపడని గోడ ఒకటి అడ్డంగా ఉంటుంది. గోడ అవతల ప్రాణమున్నదేదీ కదలదు. ఇవతల ఆమె, ఒక కుక్క, ఒక పిల్లి, ఎక్కడినుంచో వచ్చిన ఒక ఆవు. ఆవు పేరు బెల్లా. ఇక నవలంతా పనే. ఆలుగడ్డలు నాటడం, చిక్కుళ్లు దాచడం, కసువు కోసి ఎండబెట్టడం, పాలు పితకడం. లోకం ఏమైందని ఆమె పెద్దగా ఆలోచించదు, తీరిక ఉండదు. ‘ది రోడ్’ తర్వాత నన్ను అంతగా కట్టిపడేసింది ఇదే.

జేజికి గోడ సంగతి అస్సలు పట్టలేదు. గోడలంటే ఏముందిలే అన్నట్టు ఊరుకుంది. ఆవు చూడిదని చెప్పిన రోజునుంచి మాత్రం, రాత్రి మిద్దె ఎక్కగానే మొదటి ప్రశ్న అదే.

“ఈనిందా?”

నిన్న ఈనింది. కోడెదూడ. దీపం పెట్టుకుని ఆమె ఒక్కతే తాడు కట్టి లాగిందని చెప్తే జేజి లేచి కూర్చుంది. జున్ను ఎవరికి పెట్టిందని అడిగింది. ఆమె తప్ప ఎవరూ లేరు జేజీ అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ తర్వాత కథలో ఏం జరుగుతుందో నేను ముందే చదివేశాను. జేజికి ఇంకా చెప్పలేదు.